ట్రక్కులో బైక్ తీసుకెళ్లాలి: పోయినసారి తాడు తెగలేదు, బండి మాత్రం పడిపోయింది. ఈసారి ఎలా కట్టాలి?

ఎర్రట్యాంకు · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం ఇల్లు మారుతున్నాం. దాదాపు 800 కిలోమీటర్ల దూరం. సామాను ముందే వెళ్లిపోతుంది, బైక్‌ని మాత్రం వేరే చిన్న ట్రక్కులో పెట్టి మేమే తీసుకెళ్తాం. నడిపేది మా బావమరిది, కట్టేది నేను.

రెండేళ్ల కిందట ఒక ట్రాన్స్‌పోర్టు వాళ్లకి అప్పజెప్పాను. ఎక్కించేటప్పుడు దగ్గరే ఉండి చూశాను. సైడ్ స్టాండ్ వేసి, హ్యాండిల్‌కి రెండు వైపులా, వెనక క్యారియర్‌కి ఒకటి, మొత్తం మూడు తాళ్లు కట్టారు. చూడ్డానికి గట్టిగానే ఉంది. దించే చోట తలుపు తీస్తే బండి ఎడమవైపు గోడ మీదికి వాలి పడి ఉంది. క్లచ్ లివర్ వంగిపోయింది, ట్యాంకు మీద గుప్పెడంత సొట్ట. నాకు ఇప్పటికీ అర్థం కానిది ఒకటే. ఒక్క తాడూ తెగలేదు. ముళ్లు కూడా వేసినవి వేసినట్టే ఉన్నాయి. మరి ఎలా పడింది?

బండి బరువు 190 కిలోలు. ముందు మామూలు టెలిస్కోపిక్ ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని ఒకదాంట్లో ఒకటి దిగే గొట్టాల షాక్ అబ్జార్బర్లు. సెంటర్ స్టాండ్ లేదు. ట్రక్కుకి చెక్క ఫ్లోరు, అంచుల్లో ఇనుప రింగులు ఉన్నాయి. ఆ సొట్ట రోజూ కళ్ల ముందే ఉంది, ఇంకోటి పడితే తట్టుకోలేను. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

లారీబిడ్డ · సోమవారం రాత్రి 10:15

అన్నా, మా నాన్న లారీ నడిపేవారు. నా చిన్నతనమంతా లోడు కట్టడం చూస్తూనే గడిచింది. మీ ప్రశ్నకి జవాబు మీ పోస్టులోనే ఉంది. తాడు తెగలేదు, సడలింది. బండ్లు పడేది ఎక్కువగా ఇలాగే.

మీ బండి సైడ్ స్టాండ్ మీద ఉంది కదా, అంటే అప్పటికే ఎడమకి వాలి ఉంది. ట్రక్కు ఒక గుంతలో పడగానే బండి బరువు కిందికి దిగుతుంది, షాక్ అబ్జార్బర్లు అణుగుతాయి. అణిగిన ఆ క్షణంలో హ్యాండిల్ కిందికి వస్తుంది, తాడు ఊగుతుంది. మళ్లీ పైకి లేచేసరికి తాడు ఒక్కసారిగా లాగుతుంది. లాగిన ప్రతిసారీ ముడి ఇంకాస్త బిగుస్తుంది, తాడు ఇంకాస్త సాగుతుంది. అందుకే మీకు ముళ్లు గట్టిగానే కనిపించాయి. ముడి బిగిసినకొద్దీ తాడు పొడవు పెరుగుతుంది. దానికి తోడు స్టాండు కొస చెక్కలో దిగబడుతుంది, లేదా పక్కకి జరుగుతుంది. ఒక్క అంగుళం జరిగితే చాలు, ఎడమకి ఇంకాస్త వాలుతుంది, కుడి తాడు మీద బరువంతా పడుతుంది. వందల కిలోమీటర్లు అలా ఊగితే పడక ఏం చేస్తుంది.

మీ పాత ఫోటోలు ఉంటే చూడండి. స్టాండు ఉన్న చోట చెక్కలో గుంట పడి ఉండాలి.

ఎర్రట్యాంకు · సోమవారం రాత్రి 10:32

తమ్ముడూ, ఇప్పుడే ఫోటో వెతికి పెద్దది చేసి చూశాను. ఉంది. స్టాండు కొస దగ్గర చెక్క నలిగి, దాని పక్కనే నాలుగు వేళ్ల పొడవు గీత. రెండేళ్లుగా ఈ ఫోటో నా ఫోన్‌లోనే ఉంది, సొట్టనే చూశాను కానీ నేలని చూడలేదు.

స్పానర్14 · మంగళవారం ఉదయం 6:50

లారీబిడ్డ గారు అసలు విషయం పట్టుకున్నారు. అందులోంచే పద్ధతి కూడా వస్తుంది. బండి పైకీ కిందికీ ఊగినా బెల్టు ఎప్పుడూ బిగుతుగానే ఉండాలి. అలా ఉండాలంటే కట్టేటప్పుడే ఫోర్కుని కొంచెం అణచి కట్టాలి. అప్పుడు ఫోర్కు లోపలి స్ప్రింగే బెల్టుని లోపలినుంచి నెడుతూ ఉంటుంది. గుంతలో బండి కాస్త దిగినా స్ప్రింగ్ బెల్టుని వదలదు.

తాళ్లు పక్కన పెట్టేయండి. బెల్టులు కొనండి. ముందు రెండు, వెనక రెండు, అదనంగా ఒకటి. మెత్తటి లూపులు నాలుగు. లూపు అంటే రెండు చివర్లా కన్నాలున్న చిన్న పట్టీ. దాన్ని బండికి చుట్టి, బెల్టు హుక్కుని ఆ కన్నాల్లో తగిలిస్తాం. ఇనుప హుక్కు బండిని తాకకూడదు.

ఎక్కించాక ముందు చక్రాన్ని ట్రక్కు ముందు గోడకి నేరుగా ఆనించండి. వీల్ చాక్ దొరికితే మరీ మంచిది. అది చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఇనుప చట్రం, ఫ్లోరుకి బోల్టులతో బిగిస్తారు. దొరక్కపోతే చక్రానికి అటూ ఇటూ రెండు చెక్క దిమ్మలు మేకులతో కొట్టండి. చక్రం పక్కకి జరగకూడదు, హ్యాండిల్ తిరగకూడదు. అంతే కావాలి. చాక్‌లో పెట్టాం కదా అని బెల్టులు తగ్గించకండి. చాక్ చక్రాన్ని మాత్రమే పట్టుకుంటుంది, బండిని కాదు.

ఇప్పుడు బండిని నిటారుగా ఒకరు పట్టుకోవాలి. స్టాండ్ పైకి ఎత్తేయండి. ముందు లూపులు హెడ్‌లైటు కింద కింది ట్రిపుల్ క్లాంప్ పైన వేయండి. అక్కడినుంచి బెల్టులు ముందుకీ, బయటికీ, కిందికీ వెళ్లాలి. నేలతో దాదాపు 45 డిగ్రీలు. మరీ నిటారుగా కడితే పక్కకి వాలకుండా పట్టుకునే బలం ఉండదు. మరీ పడుకోబెడితే ఫోర్కు అణగదు.

బిగించేటప్పుడు ఒకవైపు పూర్తిగా బిగించి తర్వాత రెండోది అందుకోవద్దు. ఎడమ కొంచెం, కుడి కొంచెం, మళ్లీ ఎడమ. సహాయంగా ఉన్నవాళ్లు హ్యాండిల్ మీద బరువు వేసి కిందికి నొక్కితే, ఆ సమయంలో మీరు బెల్టు లాగండి. రాట్చెట్ (పిడి ఆడిస్తే బెల్టుని చుట్టుకుంటూ బిగించే పళ్ల చక్రం) మీద బలవంతం చేసే అవసరమే రాదు.

ఎంత అణచాలి అంటారా? నేను చేసేది చెప్తాను. ఫోర్కు గొట్టం మీద, సీలుకి (లోపలి ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) ఆనించి, ఒక సన్నటి ప్లాస్టిక్ టై కడతాను. మామూలు రోడ్డు బండికి ఫోర్కు మొత్తం 120, 130 మిల్లీమీటర్ల దాకా కదులుతుంది. అందులో మూడో వంతు నుంచి సగం లోపు అణిగితే చాలు. దారిలో ఎక్కడైనా ఆగినప్పుడు ఆ టై చూస్తే, గుంతల్లో ఫోర్కు ఇంకెంత కిందికి దిగిందో అదే చెప్తుంది.

కొత్తరైడర్ · మంగళవారం ఉదయం 8:05

అన్నా, ట్రిపుల్ క్లాంప్ అంటే ఏది? హ్యాండిల్‌కే కడితే తప్పేంటి? అందరూ అక్కడే కడతారు కదా.

స్పానర్14 · మంగళవారం ఉదయం 8:30

మీ బండి ముందు కూర్చుని చూడండి. హ్యాండిల్ కింద ఒకటి, హెడ్‌లైటు వెనక ఇంకొకటి, రెండు ఫోర్కు గొట్టాల్నీ కలిపి పట్టుకున్న రెండు మందపాటి లోహపు దిమ్మలు కనిపిస్తాయి. అందులో కిందిది. దాని పైన లూపు వేస్తే కిందికి జారదు, పక్కకీ జారదు.

హ్యాండిల్ చివర కడితే లివర్‌లాగా పని చేస్తుంది. రెండు పక్కలా గట్టిగా కిందికి లాగితే హ్యాండిల్ బారు వంగొచ్చు, లేదా క్లాంపులో తిరిగిపోవచ్చు. తిరిగిందంటే బెల్టులు రెండూ ఒకేసారి సడలినట్టే. స్పోర్ట్స్ బైకుల్లో ఫోర్కుకి నేరుగా బిగించే విడివిడి హ్యాండిళ్లు ఉంటాయి, అవి ఇంకా సులువుగా తిరుగుతాయి.

లూపు వేసే ముందు ఒక్క విషయం చూడండి. ఆ చోట బ్రేక్ హోసు, ఎలక్ట్రికల్ వైర్లు, కేబుళ్లు వెళ్తుంటాయి. అవి లూపు కింద నలగకూడదు. లూపు వేసి, చేత్తో లాగి, కింద తల పెట్టి చూడండి. ఆ అరనిమిషం తప్పకుండా పెట్టండి.

మట్టిదారి · మంగళవారం మధ్యాహ్నం 1:20

నావి డర్ట్ బైకులు, ప్రతి వారం ట్రైలర్ మీద తీసుకెళ్తాను. మా బండ్ల ఫోర్కులు దాదాపు 300 మిల్లీమీటర్లు కదులుతాయి. సగం అణచాలంటే చాలా లాగాలి, గంటల తరబడి అలా ఉంచితే ఫోర్కు సీళ్లు పాడై ఆయిల్ కారుతుందని అంటారు. అందుకే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య దిమ్మ పెట్టి కడతాం. దిమ్మ ఆపే దాకానే ఫోర్కు అణుగుతుంది. ఆ తర్వాత బెల్టు ఎంత లాగినా ఇంకా దిగదు.

రోడ్డు బండికి ఆ దిమ్మ పెట్టకండి. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య అంత ఖాళీ ఉండదు. పైగా మడ్‌గార్డు ఫోర్కు కింది భాగానికే బిగించి ఉంటుంది, దానితోపాటే కదులుతుంది. దిమ్మ దేన్నీ ఆపదు, మడ్‌గార్డు మాత్రం పగులుతుంది.

గేరుపెట్టె · మంగళవారం మధ్యాహ్నం 2:45

సీళ్ల విషయంలో ఒక మాట. ఫోర్కు అణచి ఉంచినంత మాత్రాన సీలు పోతుందని నేను అనుకోను. రోడ్డు మీద ప్రతి గట్టి బ్రేకుకీ ఫోర్కు అంతకంటే లోతుకి దిగుతుంది, సీలు దానికోసమే తయారైంది. లోపలి గాలి అణిగి కొంత ఒత్తిడి పెరిగే మాట నిజమే, గాలి స్ప్రింగులున్న ఫోర్కుల్లో అది ఎక్కువ. కానీ నేను చూసిన నష్టం వేరే రకం. ఫోర్కుని అడుగు దాకా, అంటే ఇంక కదలని చోటికి లాగి కడతారు. అప్పుడు గుంత వస్తే తట్టుకోవడానికి స్ప్రింగ్ ఏమీ మిగలదు. దెబ్బంతా లోహం మీద, బెల్టు మీద, ఫ్లోరు రింగు మీద పడుతుంది. రింగు ఊడి రావడం కూడా చూశాను.

కాబట్టి మూడో వంతు నుంచి సగం అన్న మాటే పట్టుకోండి. చేరగానే బెల్టులు వదిలేయండి. రాత్రంతా అలాగే వదిలేసి పడుకోవద్దు.

నల్లబండి · మంగళవారం సాయంత్రం 6:10

ఇంత లెక్క ఎందుకు, రాట్చెట్ బెల్టు వేసి కదలకుండా గట్టిగా బిగించేస్తే పని అయిపోతుంది కదా. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

గేరుపెట్టె · మంగళవారం సాయంత్రం 6:40

నల్లబండి గారూ, రాట్చెట్‌తో ఉన్న ఇబ్బందే అది. మన చెయ్యి తక్కువ బలం పెడుతుంది, అది లోపల ఎన్నో రెట్లు చేస్తుంది. ఎంత లాగిందో చేతికి తెలియదు. బైకుకి నేను వాడేది చేత్తో లాగే క్యామ్ బకిల్ బెల్టు. మన బలం ఎంతో అంతే బిగుతుంది. తడిస్తే, దుమ్ము పడితే బెల్టుని పట్టుకునే బకిల్ పళ్లు జారే భయం ఉంటుంది కాబట్టి మిగిలిన కొసతో బకిల్ కిందనే ఒక ముడి వేసేస్తాను.

రాట్చెట్టే వాడితే ఇరుసు మీద బెల్టు కనీసం రెండు చుట్లు పడాలి. ఒక్క చుట్టే అయితే జారుతుంది. బారెడు బెల్టు చుట్టుకుంటే పిడి ఇరుక్కుపోతుంది. అందుకే మిగిలిన బెల్టుని ముందే చేత్తో లాగేసి, తర్వాత పిడి ఆడించండి. చివర్లో పిడి పూర్తిగా మూసి లాక్ పడిందో లేదో చూడండి. తెరిచి వదిలేస్తే కుదుపులకి తనే ఒక్కో పన్ను వదులుతుంది.

దూరప్రయాణం · మంగళవారం రాత్రి 9:00

బెల్టు ఎంత బలమైనది కొనాలో ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. సరుకు కట్టడానికి యూరప్ ప్రమాణమూ అమెరికా నిబంధనా దగ్గర దగ్గరగా ఒకే అంచనా వేస్తాయి. గట్టి బ్రేకు పడితే సరుకు తన బరువులో 0.8 వంతు బలంతో ముందుకి తోసుకొస్తుంది, పక్కకీ వెనక్కీ అయితే 0.5 వంతు. మీ 190 కిలోల బండికి లెక్క వేస్తే ముందుకి 152 కిలోల తోపు, పక్కకి 95.

బెల్టు మీద కుట్టిన లేబుల్ చూడండి. యూరప్ పద్ధతి బెల్టు అయితే ఎల్‌సీ అని ఉంటుంది, అంటే ఆ బెల్టుతో ఎంత లాగుడు దాకా కట్టొచ్చో, డెకాన్యూటన్లలో. ఒక డెకాన్యూటన్ దాదాపు ఒక కిలో బరువు లాగినంత. పాలిస్టర్ బెల్టుకి లేబుల్ నీలం రంగులో ఉంటుంది. అమెరికా పద్ధతిలో అయితే పని చేసే పరిమితి అని వేరే రాస్తారు, అది తెగే బలంలో మూడో వంతు. తెగే బలం అంకె పెద్దగా ముద్రించి, పరిమితి చిన్నగా రాసినవి చాలా ఉంటాయి. చిన్న అంకెనే నమ్మండి. లేబులే లేని బెల్టు తీసుకోవద్దు. పాలిస్టర్‌కంటే నైలాన్ ఎక్కువ సాగుతుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. వానలో వెళ్లేటట్టయితే ఇది గుర్తుంచుకోండి.

కోణం వల్ల కూడా బలం తగ్గుతుంది. 45 డిగ్రీల్లో కట్టిన బెల్టులో 100 కిలోల లాగుడు ఉంటే, కిందికి 70, అడ్డంగా 70 చొప్పున పని చేస్తుంది. ఆ అడ్డం 70ని కూడా ముందుకి కొంత, పక్కకి కొంత పంచుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. ముందు బెల్టులు ముందుకి లాగుతున్నాయి కదా? మరి బ్రేకు కొట్టినప్పుడు బండి కూడా ముందుకే వెళ్తుంది. అంటే ఆ క్షణంలో ముందు బెల్టులు ఏమీ ఆపవు. పైగా బ్రేకుకి ఫోర్కు దిగుతుంది కాబట్టి అవి సడలే సమయం కూడా అదే. బండిని ఆపేవి ముందు గోడా, వెనక్కి లాగుతున్న వెనక బెల్టులూ. వెనక ఒక్క తాడు నేరుగా కిందికి కట్టి ఊరుకుంటే బ్రేకు పడినప్పుడు దానివల్ల ఉపయోగం లేదు. వెనక రెండూ తప్పకుండా వెనక్కీ బయటికీ వెళ్లాలి.

ఎర్రట్యాంకు · మంగళవారం రాత్రి 9:25

దూరప్రయాణం గారూ, చాలా థ్యాంక్స్. పోయినసారి వెనక కట్టిన ఒక్క తాడూ నేరుగా కిందికే ఉంది. వెనక బెల్టులు దేనికి తగిలించాలి? క్యారియర్‌కేనా?

స్పానర్14 · బుధవారం ఉదయం 6:40

క్యారియర్‌కి వద్దు. అది సన్నటి గొట్టం, నాలుగు చిన్న బోల్టుల మీద ఉంటుంది. వెనక కూర్చునేవాళ్లు కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు బ్రాకెట్ ఫ్రేముకి వెల్డు చేసి ఉంటే అది బాగుంటుంది. అల్యూమినియం బ్రాకెట్ బోల్టులతో బిగించి ఉంటే దాన్ని వదిలేసి సీటు కింద ఫ్రేము గొట్టం వెతకండి. స్వింగార్మ్‌కి, అంటే వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చట్రానికి, కట్టినా తప్పులేదు, అప్పుడు వెనక చక్రం నేలని వదలదు, సస్పెన్షన్ మాత్రం దానంతట అది ఆడుతుంది.

వెనక ముందంత గట్టిగా అక్కర్లేదు. షాక్ అబ్జార్బర్ కొంచెం దిగేంత చాలు. సైలెన్సర్‌కి తగలకుండా చూడండి. బండి ఇప్పుడే నడిపి ఎక్కించారంటే చల్లారనివ్వండి. వేడి సైలెన్సర్‌కి తగిలిన పాలిస్టర్ బెల్టు కరిగి, చల్లారాక గాజులాగా గట్టిపడుతుంది. ఆ చోటే తెగుతుంది.

స్కూటరమ్మ · బుధవారం ఉదయం 10:10

కట్టడం గురించి చాలా చెప్పారు. ఎక్కించడం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నాకు దెబ్బ తగిలింది అక్కడే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఒక పలక వేసి బండి ఎక్కిస్తున్నాం. ముందు చక్రం ట్రక్కులోకి వెళ్లింది, వెనక చక్రం పలక మీద ఉంది. బండి ముందుకి తోసేటప్పుడు వెనక చక్రం పలకని వెనక్కి తన్నింది. పలక అంచు ట్రక్కు అంచు మీంచి జారిపోయింది. బండి కడుపు ట్రక్కు అంచు మీద పడింది, నేను పక్కకి పడ్డాను. మణికట్టు విరిగింది. నాలుగు నెలలు బండి ముట్టుకోలేదు.

అప్పటినుంచి ర్యాంపు పై అంచుని ట్రక్కుకి బెల్టుతో కట్టకుండా బండి ఎక్కించను. ర్యాంపు మీద బెల్టు తగిలించే కన్నాలు అందుకే ఉంటాయి. రెండోది, ర్యాంపు పొడవు. ట్రక్కు ఫ్లోరు నేలకి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. 1.8 మీటర్ల పలక వేస్తే వాలు 30 డిగ్రీలు, 190 కిలోల బండిని తోయడానికి 95 కిలోల బలం కావాలి. 3 మీటర్ల ర్యాంపు వేస్తే వాలు 18 డిగ్రీల లోపే, 57 కిలోల బలం చాలు. ట్రక్కుని వెనక చక్రాలు పల్లంలో ఉండేలా, లేదా ర్యాంపు కింది కొస ఏదైనా గట్టు మీద ఉండేలా ఆపితే ఇంకా తేలిక. బండి కడుపు ర్యాంపు పై అంచుకి తగలడం కూడా తగ్గుతుంది.

పక్కన నడిచేవాళ్లకి కూడా పలక ఉండాలి. బండి పలక మీద ఎక్కుతుంటే మనం నేల మీదే ఉండిపోతాం, సగం దారిలో హ్యాండిల్ మన భుజం కంటే పైకి వెళ్తుంది. అప్పుడు పట్టుకోలేం. రెండో పలకో, బలమైన స్టూలో ముందే పెట్టుకోండి. దయచేసి ఎవరూ బండి మీద కూర్చుని నడుపుతూ ఎక్కించకండి. తడబడితే కాలు పెట్టడానికి కింద నేల ఉండదు.

లారీబిడ్డ · బుధవారం ఉదయం 10:50

అక్కా, చెయ్యి ఇప్పుడు బాగుందా? మీరు చెప్పిన బెల్టు విషయం ప్రతి ఒక్కరూ చదవాలి.

దించేటప్పటి మాట కూడా ఒకటి చెప్తాను. వెనక్కి దించుతున్నప్పుడు అందరూ ముందు బ్రేకు పట్టుకుంటారు. కానీ అప్పుడు ముందు చక్రం పైన ఉంటుంది, బరువంతా కిందున్న వెనక చక్రం మీద ఉంటుంది. బరువు లేని చక్రానికి బ్రేకు వేస్తే అది ఆగదు, ర్యాంపు మీద జారుతుంది. ఇంజిన్ ఆపి, మొదటి గేరులో పెట్టి, క్లచ్చిని వెనక చక్రానికి బ్రేకులా వాడండి. క్లచ్ నొక్కితే బండి దిగుతుంది, వదిలితే ఆగుతుంది. ఒక్కో అడుగు దించుకోవచ్చు.

స్కూటరమ్మ · బుధవారం ఉదయం 11:05

ఇప్పుడు బాగుంది తమ్ముడూ. చలికాలంలో కాస్త నొప్పి ఉంటుంది అంతే. కానీ నా స్కూటర్‌కి క్లచ్ లేదు, గేరూ లేదు. దించేటప్పుడు మేం హ్యాండిల్ దగ్గర ఇద్దరం, వెనక బెల్టు పట్టుకుని ఒకరు ఉంటాం. ఆ బెల్టుని ట్రక్కులో ఒక రింగు చుట్టూ ఒక చుట్టు వేసి కొంచెం కొంచెంగా వదులుతాం. రింగు చుట్టూ రాపిడి బరువంతా పట్టుకుంటుంది.

స్కూటర్ కట్టేవాళ్లకి ఇంకో ఇబ్బంది. ముందంతా ప్లాస్టిక్, ట్రిపుల్ క్లాంప్ చేతికి అందదు. నేను ముందు ప్యానెల్ కింద, చక్రం పైన ఉండే ఫోర్కు మెడకే లూపు తోసి తీస్తాను. చేతికి గ్రీజు అంటుకుంటుంది కానీ ప్లాస్టిక్ పగలదు. మీద నుంచి సీటు అడ్డంగా బెల్టు వేస్తే సీటు కవర్ చిరుగుతుంది, పక్క ప్యానెళ్లు నొక్కుకుపోతాయి.

ఎర్రట్యాంకు · బుధవారం రాత్రి 8:15

ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఇంకో మూడు చిన్న డౌట్లు. పెట్రోలు తీసేయాలా? గేరులో ఉంచాలా, న్యూట్రల్‌లోనా? దుమ్ము పడకుండా కవర్ వేయాలా?

గేరుపెట్టె · బుధవారం రాత్రి 8:40

ట్యాంకు నిండా ఉంచొద్దు. పావు వంతు లోపు ఉంటే చాలు, బరువూ తగ్గుతుంది, పడినా కారేది తక్కువ. కార్బురేటర్ బండి అయితే ట్యాపు మూసేయండి. మూసి ఉన్న ట్రక్కు అయితే పెట్రోలు ఆవిరి లోపలే నిలుస్తుంది, అది నిప్పుకి సిద్ధంగా ఉన్నట్టే. తలుపు తీసిన వెంటనే లోపలికి వెళ్లి లైటరో సిగరెట్టో వెలిగించే పని ఎవరూ చేయకూడదు. అలారం ఉంటే ఆపేయండి, లేకపోతే దారంతా మోగి మోగి బ్యాటరీ ఖాళీ అవుతుంది.

గేరు: కట్టేటప్పుడు న్యూట్రల్. అప్పుడే చక్రం గోడకి సరిగ్గా ఆనుతుంది. బెల్టులన్నీ అయ్యాక మొదటి గేరు వేయండి. హ్యాండిల్ లాక్ మాత్రం వేయొద్దు. హ్యాండిల్ ఒక పక్కకి తిరిగి ఉంటే రెండు బెల్టుల పొడవూ కోణమూ వేరైపోతాయి.

మట్టిదారి · బుధవారం రాత్రి 9:10

కవర్ సంగతి. పైకప్పు లేని ట్రక్కు, ట్రైలర్ అయితే కవర్ వేయకండి. గాలికి కవర్ వందల కిలోమీటర్లు కొట్టుకుంటుంది, లోపల చేరిన దుమ్ము ఉప్పుకాగితంలా పెయింటుని రుద్దుతుంది. దుమ్ము కడిగితే పోతుంది, గీతలు పోవు. మూసిన ట్రక్కులో అయితే దుప్పటి కప్పి వదులుగా కట్టండి. బెల్టు పెయింటుకి తగిలే ప్రతి చోటా మెత్తటి గుడ్డ చుట్టండి, ఆ గుడ్డ శుభ్రంగా ఉండాలి.

బెల్టుల కొసలు గాలికి వదిలేయకండి. అవి చక్రంలోకో చైనులోకో వెళ్తాయి, లేదా రోడ్డు మీద ఈడుస్తూ అరిగిపోతాయి. నిటారుగా సాగదీసిన బెల్టు గాలికి వణుకుతూ గుయ్యిమని శబ్దం చేస్తుంటే దానికి ఒక మెలిక తిప్పండి, వణుకు ఆగుతుంది.

ట్రైలర్ లాగేవాళ్లకి ఒక్క మాట. బండిని ఇరుసుకి కొంచెం ముందు పెట్టండి. బరువు వెనక పడితే హుక్కు తేలిపోయి ట్రైలర్ తోకలా ఊగడం మొదలుపెడుతుంది. అది మొదలయ్యాక ఆపడం చాలా కష్టం. నాకు ఒకసారి జరిగింది. బ్రేకు గట్టిగా తొక్కకుండా, స్టీరింగ్ నేరుగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేశాను. నెమ్మదించాక ఆగింది. బండిని ఒక్క అడుగు ముందుకి జరిపి కట్టాను, మిగతా దారంతా ఊగనే లేదు.

నల్లబండి · గురువారం ఉదయం 7:20

గేరుపెట్టె గారు చెప్పింది చదివాక నా బండి ఫోర్కుకి టై కట్టి, నేను మామూలుగా బిగించేంత బిగించి చూశాను. ఫోర్కు పూర్తిగా కిందికి దిగిపోయింది, ఇంక వేలెడు కూడా లేదు. ఇన్నాళ్లూ అలాగే తీసుకెళ్లాను. ఇప్పుడు క్యామ్ బకిల్ బెల్టులు తెప్పిస్తున్నాను. చెప్పినందుకు ధన్యవాదాలు.

దూరప్రయాణం · గురువారం ఉదయం 9:45

ఎర్రట్యాంకు గారూ, కట్టాక ఒక పరీక్ష చేయండి. హ్యాండిల్ పట్టుకుని బండిని పక్కకి బలంగా ఊపండి. బండి ఊగడం కాదు, ట్రక్కు ఊగాలి.

బయల్దేరాక మొదటి 15, 20 కిలోమీటర్లలోనే ఆగి చూడండి. బెల్టులు తమ చోట సర్దుకునేది, లూపులు కుదురుకునేది ఆ దూరంలోనే. తర్వాత డీజిల్‌కో, టీకో ఆగిన ప్రతిసారీ ఒకసారి చెయ్యి వేసి చూడండి.

ఎర్రట్యాంకు · మంగళవారం రాత్రి 10:05

చేరాం. అందరికీ చెప్పాలని కూర్చున్నాను.

శనివారం సాయంత్రం ఎక్కించాం. ర్యాంపు 2.4 మీటర్లది దొరికింది. స్కూటరమ్మ గారు చెప్పినట్టు పై అంచు కట్టాం, పక్కన ఇంకో పలక వేసుకున్నాం. ముగ్గురం. చక్రానికి అటూ ఇటూ దిమ్మలు కొట్టాం. కట్టడానికి గంటన్నర పట్టింది. మొదటిసారి లూపు వేసి కింద తల పెట్టి చూస్తే బ్రేక్ హోసు దాని కింద నొక్కుకుని ఉంది, తీసి మళ్లీ వేశాను. చూడకపోయి ఉంటే తెలిసేది కాదు.

ఆదివారం తెల్లవారి బయల్దేరాం. 18 కిలోమీటర్ల దగ్గర ఆగి చూస్తే కుడి ముందు బెల్టు కొంచెం సడలింది. చేత్తో నొక్కితే తేడా తెలిసింది. లూపు క్లాంప్ మీద అర అంగుళం కుదురుకుంది. మళ్లీ రెండు వైపులా కొంచెం కొంచెం లాగి, కొసలు ముడివేశాను. ఆ తర్వాత ఆరు చోట్ల ఆగాం, ఆరుసార్లూ చూశాను. ఇంక సడలలేదు.

మధ్యలో దాదాపు 60 కిలోమీటర్లు రోడ్డు పాడైపోయి ఉంది. వెనక నుంచి చిన్న చప్పుడు వినిపించినా నా గుండె ఝల్లుమనేది. ఒకచోట ఎదురుగా పశువులు అడ్డం వస్తే బావమరిది గట్టిగా బ్రేకు కొట్టాడు. ఇద్దరం దిగి వెనక్కి పరిగెత్తాం. తలుపు తీశాం. బండి నిటారుగా ఉంది. వెనక బెల్టులు రెండూ తీగల్లా బిగుసుకుని ఉన్నాయి. ఫోర్కు మీద టై మాత్రం నేను కట్టిన చోటు నుంచి రెండు వేళ్ల వెడల్పు పైకి జరిగింది.

ఇక్కడికి రాగానే క్లచ్ పద్ధతిలో దించాం. ఒక్కో అడుగే దిగింది. బెల్టులు వదిలాక ఫోర్కు మెల్లగా పైకి లేచింది. సీళ్ల దగ్గర వేలు పెట్టి తుడిచి చూశాను, ఆయిల్ లేదు, దుమ్ము మాత్రమే.

లారీబిడ్డ · మంగళవారం రాత్రి 10:20

అన్నా, ఆ టై తీసేయకండి. రేపు బండి నడిపి, బ్రేకులు కొట్టి మళ్లీ చూడండి. ఎంత దూరం జరిగిందో ఇక్కడ రాయండి. ట్రక్కులో పడిన దెబ్బ పెద్దదో, రోడ్డు మీద మనం కొట్టే బ్రేకు పెద్దదో చూద్దాం.

ఎర్రట్యాంకు · బుధవారం సాయంత్రం 7:00

నడిపాను తమ్ముడూ. ఖాళీ రోడ్డు మీద ఒక్కసారి గట్టిగా బ్రేకు పట్టాను. టై ఇంకో రెండు వేళ్లు పైకి జరిగింది.